లెక్కల పుస్తకం మీది ఆటగాడు

నిన్న మా అమ్మాయి పుస్తకానికి అట్ట వేస్తుంటే నున్నటి రంగుకాగితం వాసన గుప్పుమంది. లాల్‌దర్వాజాలోని మా పాత ఇల్లు, మా కాక గుర్తొచ్చారు.

కాక అంటే నాన్న తమ్ముడు. మోకాలు దెబ్బతినేదాకా ఫుట్‌బాల్ ఆడినవాడు. జర్మనీ రెండు ముక్కలుగా ఉన్న రోజులవి. తూర్పు జర్మనీ ప్రభుత్వం నుంచి ఆయన పేర ఒక రంగుల పత్రిక ఊరికే వచ్చేది. చదవడమయ్యాక దాని పేజీలు మా బడి పుస్తకాలకు అట్టలయ్యేవి. ఒకసారి నేను ఆయన్ని అడగకుండానే, బంతిని తన్నుతున్న ఆటగాడి బొమ్మ చింపి లెక్కల పుస్తకానికి వేసుకున్నాను.

కాక కోప్పడలేదు. "గాయన నా తీర్గనే ఎడమకాలుతోని కొడ్తడు బిడ్డా. పోనియ్, వచ్చే నెల మల్లొస్తడు," అన్నాడు.

రాలేదు. ఆ తర్వాతి నెలా రాలేదు. నేను చింపినందుకే పాపం అతని ఆట ఆగిపోయిందనుకుని, మహంకాళి గుడిలో లెంపలేసుకున్నాను.

ఆ ఏడాదంతా కాక పని నుంచి రాగానే, "ఏది, నీ లెక్కల పుస్తకం చూపియ్," అనేవాడు. తప్పులు పట్టుకుంటాడన్న భయంతో, బళ్లోనే మరిచిపోయానని ఎన్నోసార్లు అబద్ధమాడాను.

ఆ ఆటగాడు మ్యాచ్ కోసం పశ్చిమ జర్మనీకి వెళ్లి అక్కడే ఉండిపోయాడనీ, అందుకే ఆ పత్రిక అతని బొమ్మ మళ్లీ వేయలేదనీ పెద్దయ్యాక తెలిసింది. చూపించిన రోజుల్లో కూడా కాక ఆ పుస్తకాన్ని ఒక్కసారీ తెరవలేదన్న సంగతి అప్పుడు తట్టింది.