ఆగిన లారీ

చిలకలూరిపేట దగ్గర హైవేని వెడల్పు చేసిన కొత్తలో, ఒక స్పిన్నింగు మిల్లు ముందు బస్సు దిగాను. ఊళ్ళోకి పోవాలంటే రోడ్డు దాటాలి. మా వైపు రోడ్డు దాటడమంటే, వచ్చే బండికి అరచెయ్యి చూపించి, ఇక దానివైపు చూడకుండా నడిచిపోవడమే. నేనూ అలాగే చెయ్యెత్తాను. పత్తి బేళ్ళతో వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు పొమ్మన్నట్టు తలూపాడు.

అడుగు వెయ్యబోతుంటే, మిల్లులో పని దిగి నా పక్కనే నిలబడ్డ ముస్లిం ఆవిడ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆమె జుట్టు నిండా దూది నలుసులు.

"ఆపాడుగా, రండి పోదాం," అన్నాను విసుగ్గా.

"మా ఆయనకీ ఆపాడమ్మా," అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "లారీ ఆపినోడు మంచోడే. దాని పక్కనించి దూసుకొచ్చిన బస్సోడికి ఆయన చెయ్యి ఎట్టా కనపడుద్ది? పాత రోడ్డు సన్నం. ఒకడు ఆగితే ఎనకోళ్ళంతా ఆగేవోళ్ళు."

డ్రైవరు హారన్ కొట్టి, మమ్మల్ని తిట్టి వెళ్ళిపోయాడు. రోడ్డంతా ఖాళీ అయ్యాకే ఆమె నన్ను దాటించింది. అవతలికి చేరాక చెయ్యి వదిలి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది. పేరైనా అడగలేదు నేను.

ఎవరైనా బండి ఆపి మర్యాదగా దాటమంటే, నా కాళ్ళు ఇప్పటికీ కదలవు. విసిగిపోయి, తిట్టుకుంటూ పోతారు. పోనీ. ఆ తిట్లు వినడానికి నేనింకా ఉన్నాను.