సూది నాది, పేరు అక్కది

కోరుట్ల నుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ లేదు. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే ఒరిగిపోయింది" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, ఇక బుధవారం బట్టీకి నాతో ఎవరు వస్తారనుకున్నాను.

అక్క నా తోడబుట్టింది కాదు. సారంగాపూర్ దగ్గర ఒకే సబ్‌సెంటర్‌లో ఇద్దరం నర్సమ్మలం. ఆమె పెద్ద, నేను చిన్న. ఊరి బయట ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి చంటిపిల్లలతో కుటుంబాలు వస్తాయి. ఆ పిల్లలకు టీకాలు వేయడం మా పని. సెంటర్‌కు రమ్మని కబురు పెడితే ఒక్క తల్లీ రాలేదు. నేను విసుక్కున్నాను. అక్క మాత్రం బట్టీకి పోయి, చెప్పులు విడిచి, మట్టి దగ్గర కూర్చుంది.

"తల్లి మట్టి ముద్ద జేస్తెనే తండ్రి ఇటుక అచ్చుల ఏస్తడు. ఆమె లేస్తే ఆయన పని ఆగుతది. ఇగ ఎట్లస్తరే? మందొక్కటే తెస్తె సాలదు, తీరిక గూడ మనమే తేవాలె" అంది.

అప్పటినుంచి అదే మా పద్ధతి. తల్లి పిల్లనెత్తుకొని నా దగ్గరికి వస్తే, ఆమె చోట్లో అక్క కూర్చొని ముద్దలు చేసేది. సూది పొడిచేది నేను కదా, పిల్లలు నన్ను చూస్తేనే గుక్కపట్టేవాళ్లు. ఊరుకునేది మాత్రం అక్క మట్టిచేతులు చూశాకే.

నాకు ఒళ్లు మండేది. జ్వరమొస్తే ఏ మందు వేయాలో చెప్పేది నేను, దండం పెట్టేది ఆమెకు. పండుగకు చేసుకున్న తీపి ఆకులో చుట్టి ఆమె కోసమే దాచేవారు. అందులో సగం నాకిస్తే వద్దని మూతి తిప్పుకునేదాన్ని. జగిత్యాల బస్సెక్కాక మాత్రం తినేదాన్ని.

"ఏందే, మొఖం గట్ల మాడ్చుకున్నవ్? రేపటి సంది నేను సూదిస్త, నువ్వు మట్టి పిసుకు" అని నవ్వేది. చీర ఖరాబైతదని నేను ఒప్పుకోలేదు.

ఆ బుధవారం ఒక్కదాన్నే పోయాను. టీకాల డబ్బా చూడగానే పిల్లలు ఇటుకల చాటుకు ఉరికారు. చంకలో కొడుకుతో ఒక తల్లి నా వెనక్కి తొంగి చూసింది. "దీదీ ఏది?" అంది. చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మళ్లీ మట్టి వైపే నడిచింది. వచ్చే వారం వాళ్లు రుద్రంగి దిక్కు ఇంకో బట్టీకి పోతారు. ఈ పూట తప్పితే ఆ పిల్లవాడికి టీకా తప్పినట్టే.

అక్క మీద చెప్పలేనంత కుళ్లు పుట్టింది. పోయి కూడా వీళ్లను తన దగ్గరే పెట్టుకుంది.

"ఆగమ్మా, నీ పని నేను జేస్త" అన్నాను. ఆమె నమ్మలేనట్టు చూసింది, కానీ వచ్చింది. పిల్లవాడికి టీకా వేసి, నీడలో కూర్చుని పాలు పట్టమన్నాను. చెప్పులు విడిచి మట్టి దగ్గర కూర్చున్నాను. నా ముద్ద అచ్చులో పడగానే పగిలింది. ఆమె భర్త దాన్ని చేత్తో అదిమి, వచ్చీరాని తెలుగులో, "దీదీ ముద్ద మంచిగ ఉండె" అన్నాడు.

అక్కడా ఆమెదే పేరు.

నేను లేచేసరికి ఇటుకలు ఎండకు వరుసగా ఆరుతున్నాయి. ఒక మూల విరిగినవన్నీ నావే. అక్కను పిలిచి చూపించి, ఆమె చేత నవ్వించుకోవాలనిపించింది.