అందరికీ ఎడమ నుంచి రెండో రంగు

మా హాసిని ఏడో పుట్టినరోజు రిటర్న్ గిఫ్టుల దగ్గర నేను చేసిన ఘనకార్యం వల్ల ఈ ప్రయాణం మొదలైంది. పెన్సిల్ బాక్సులు, ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చీ ఇచ్చీ విసుగొచ్చి, ఈసారి పిల్లల పేర్లతో కథల పుస్తకాలు అచ్చు వేసిచ్చే వెబ్‌సైట్‌లో ఆర్డర్ చేశాను. పేరు, జుట్టు, ఒంటి రంగు మనం ఎంచుకుంటే కథలో హీరో ఆ పిల్లే అవుతుంది. తెలుపు నుంచి నలుపు దాకా ఏడు రంగులు వరసగా ఉంటాయి. చూసీ చూడనట్టు అందరికీ ఎడమ నుంచి రెండోది నొక్కుకుంటూ పోయాను. హాసిని ప్రాణస్నేహితురాలు నయోమి పేరు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. నయోమి వాళ్ళు బ్లాక్ ఫ్యామిలీ. ముదురు రంగు పెడితే వాళ్ళమ్మ ఏమనుకుంటుందో, కాస్త తెల్లగా ఉంటే ఎవరు కాదంటారు అనుకుని, ఆ పిల్లకీ అదే నొక్కాను. ప్రతి పెళ్ళికూతురినీ 'ఫెయిర్' అని రాసే బయోడేటాల మధ్య పెరిగిన బుర్ర, ఇంతకంటే ఏం ఆలోచిస్తుంది!

పార్టీలో నయోమి రెండు పేజీలు తిప్పి, "ఆంటీ, ఇది నేను కాదు" అంది. ఆంటీ అనడం మా హాసిని దగ్గరే నేర్చుకుంది. తనది వేరే కవర్లో ఉందేమోనని పాపం అన్నీ వెతికింది కూడా. వాళ్ళమ్మ డెనీస్ పుస్తకం టేబుల్ మీద పెట్టి, థాంక్స్ చెప్పి, పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత రెండు శనివారాలు నయోమి ఆడుకోవడానికి రాలేదు. "నయోమికి నా మీద కోపమా?" అని హాసిని రోజూ అడుగుతుంటే అన్నం సహించలేదు. చేసింది నేను, స్నేహితురాలు పోయేది దానికి. చికాగో సౌత్ సైడ్‌లో బ్లాక్ పిల్లల పుస్తకాల కొట్టు ఒకటుందని ఆఫీస్‌లో ఒకావిడ చెబితే, మూడో శనివారం హాసినిని వెంటబెట్టుకుని బయల్దేరాను.

మేముండేది చికాగో శివారులోని అరోరాలో. ఎనిమిదిన్నర ప్రాంతంలో ట్రైన్ ఎక్కితే గంటంబావు, గంటన్నరలో యూనియన్ స్టేషన్‌లో దిగుతాం. డౌన్‌టౌన్ పార్కింగ్‌కి పోసే డబ్బుతో పోలిస్తే ట్రైన్ టికెట్ చాలా నయం, పైగా వీకెండ్‌లో చిన్నపిల్లలకి ఫ్రీ. అక్కణ్ణుంచి ఆ కొట్టుండే బ్రాంజ్‌విల్‌కి క్యాబ్‌లో పావుగంట, ఇరవై డాలర్ల లోపే అయింది. డ్రైవర్ బ్లాక్ పెద్దాయన. అడ్రస్ చూసి, "మా మనవరాలు వారం వారం వెళ్తుంది అక్కడికి" అన్నాడు.

"మీ చిన్నప్పుడు ఇలాంటి కొట్లుండేవా?" అని అడిగాను.

"ఎక్కడివమ్మా! మా అమ్మ పుస్తకం కొన్నాక బొమ్మల్లోని పిల్లల మొహాలకి బ్రౌన్ క్రేయాన్ పూసి అప్పుడు నాకిచ్చేది. లైబ్రరీ పుస్తకాలకి పూయకూడదుగా, అందుకని అవి నాకు నచ్చేవి కావు" అని గట్టిగా నవ్వాడు.

"మరి సినిమాల్లో?"

"పిల్లల సినిమాల్లో మేమెప్పుడూ హీరోకి ఫ్రెండ్సే. వాణ్ణి నవ్వించడం, సలహా చెప్పడం, పక్కకి తప్పుకోవడం. ఇప్పుడు కాస్త నయం, మా మనవరాలికి గొప్పలు చెప్పుకోవడానికి ఇద్దరు ముగ్గురు హీరోలు దొరికారు."

ఆయన వాళ్ళమ్మ బొమ్మల మొహాలకి రంగు పూస్తే నేను ఉన్న రంగు చెరిపాను. ఆ మాట ఆయనతో అనే ధైర్యం లేక టిప్ ఇచ్చి దిగాను.

కొట్టు చిన్నది. పది గంటలకి తీస్తారు, పదకొండుకి పిల్లల్ని కార్పెట్ మీద కూర్చోబెట్టి కథ చదువుతారు, దానికి టికెట్ లేదు. నడిపేది మిస్ లొరెట్టా, రిటైరైన స్కూల్ లైబ్రేరియన్. అట్టలన్నీ మనవైపు తిప్పి పేర్చడం వల్ల లోపలికి వెళ్ళగానే ఇన్ని నల్లటి మొహాలు నవ్వుతూ కనిపించాయి. నేను తిన్నగా వెళ్ళి బానిసత్వం మీద ఒకటి, హక్కుల పోరాటం మీద రెండు తీసుకున్నాను.

"ఎవరికి?" అంది లొరెట్టా.

"మా అమ్మాయి ఫ్రెండ్‌కి. ఏడేళ్ళు. తనకి సారీ చెప్పాలి."

"ఆ పిల్లకి ఏమంటే ఇష్టం?"

మూడేళ్ళుగా మా ఇంట్లో దోసెలు తింటున్న పిల్ల గురించి నాకు ఒంటి రంగు తప్ప ఏమీ తెలియదు! హాసినే అరిచింది: "స్నెయిల్స్! జార్‌లో పెంచుతుంది. ఒకదానికి నా పేరు పెట్టింది!"

"నీ చేతిలోవి మంచి పుస్తకాలే, నేనే తెప్పించాను. వాటికీ టైమొస్తుంది. ఈ పిల్లకి మాత్రం ఎవరితోనూ పోరాడకుండా బురదలో ఆడుకునేది ఇద్దాం" అని లొరెట్టా ఒకటి తీసిచ్చింది. తప్పిపోయిన నత్త కోసం వానలో వెతికే పాప కథ. చివరి బొమ్మలో వాళ్ళ అమ్మమ్మ, రాత్రి జుట్టు చిక్కుపడకుండా పాప తలకి బానెట్ అనే సిల్కు టోపీ తొడుగుతుంటుంది. అదే కొన్నాను. పక్క హోటల్‌లో చేపల వేపుడు తిని, రెండు దాటాక ట్రైన్ పట్టుకుని, అరోరాలో దిగి, నాలుగున్నరకి తిన్నగా నయోమి ఇంటికి డ్రైవ్ చేశాను.

డెనీస్ తలుపు తీసింది. గుమ్మంలోనే చెప్పేశాను: "ఆ రంగు నేనే ఎంచుకున్నాను. తెల్లగా ఉంటే మీకు నచ్చుతుందనుకున్నాను. తప్పు చేశాను, సారీ."

"తప్పు కంపెనీ మీదికి తోస్తారనుకున్నాను" అంది. తలుపు పూర్తిగా తెరిచి, "లోపలికి రండి" అంది.

నయోమి నవ్వకుండా పుస్తకం తీసుకుంది. ఒక్కో పేజీ తిప్పుతూ చివరికొచ్చి, "మమ్మీ, నా బానెట్!" అని ఎగిరి గంతేసింది. తర్వాత ఇద్దరూ నత్తల జార్ దగ్గరికి పరిగెత్తారు. నా ప్రాణం కుదుటపడింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇంటికి రాగానే హాసిని తన పుట్టినరోజు పుస్తకం తెచ్చి, బొమ్మ పక్కన చెయ్యి పెట్టి చూపించింది. "అమ్మా, ఇది కూడా నేను కాదు. నన్ను ఎందుకు చేంజ్ చేశావ్?" అని అడిగింది. ఇంకొకరి పిల్లకి సారీ చెప్పడానికి ఊరు దాటి వెళ్ళొచ్చాను, నా పిల్లకి చెప్పాలని తోచనే లేదు. దగ్గరికి తీసుకుని సారీ చెప్పి ఏడ్చాను. పుస్తకంలో తను కనబడకపోతే పిల్ల తనలోనే ఏదో తప్పుందనుకుంటుంది. ఆ తప్పు మనదని చెప్పాల్సింది మనమే.

మీరూ ఆ కొట్టుకి వెళ్తే పదిన్నరకల్లా చేరుకోండి, కథ టైమ్‌కి కార్పెట్ నిండిపోతుంది. పేరు అచ్చు వేసే పుస్తకం ఆర్డర్ చేస్తే మాత్రం రంగు పిల్లనే ఎంచుకోనివ్వండి. మళ్ళీ ఆర్డర్ చేసినప్పుడు మా హాసిని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఎడమ నుంచి ఐదోది నొక్కింది.