అమ్రీన్‌కు రాని వెండి కర్ర

మా కోడలు అమ్రీన్ ఎలాంటిదని చుట్టాలను అడిగితే, మంచి పిల్ల, నోరు లేదు అంటారు. నోరు లేకపోవడం ఎప్పటి నుంచి మంచితనమైందో నాకు తెలియదు. నేను చదివింది మూడో తరగతే, కానీ చూసింది చూసినట్టు రాయడానికి అది చాలు.

అమ్రీన్ చిట్యాల పిల్ల. డిగ్రీ పాసై భూపాలపల్లిలో మా ఇంటికి కోడలుగా వచ్చింది. అప్పుడు నా కొడుకు జాకీర్ ఇంటి ముందుగదిలో నెట్ సెంటర్ నడిపేవాడు. వచ్చినవాళ్లు దరఖాస్తులు నింపుకుని పోయేవారు. వాడు మాత్రం ఆట ఆడేవాడు. ఎక్కడెక్కడివాళ్లో ఒకేసారి చేరి, తలా ఒక వేషం కట్టి, గుంపుగా గుహల్లోకి పోయి రాక్షసులను కొట్టే ఆట. గుంపుకు పెద్ద మావాడే. జనగామ నుంచి ఎరువుల దుకాణం నవీన్, మహబూబాబాద్ నుంచి జైసింగ్ అనే బడి పంతులు కలిసేవారు. కొట్టేవాళ్లు ముగ్గురూ తయారే. వెనక నిలబడి వీళ్ల గాయాలు మాన్పే మనిషి కావాలి. హీలర్ అంటారు. ఆ పనికి ఎవరూ ఒప్పుకోలేదు. అందులో చంపేది లేదు, చెప్పుకునేది లేదు. అందుకని కొత్త కోడలిని మూల కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పరదా కట్టారు.

రెండు నెలల్లో ఆ పని ఆమె చేతికి వచ్చింది. ఎవరి ప్రాణం ఎంత తగ్గిందో వాళ్లకంటే ముందే ఆమెకు తెలిసేది. పొయ్యి మీద పప్పు పొంగుతోందని నేను అరిస్తే లేచి వచ్చి మూత తీసి, మళ్లీ పోయి ముగ్గురినీ బతికించేది. గెలిచాక మగవాళ్లు ఒకరినొకరు మెచ్చుకునేవారు.

ఆ ఆటలో ఒక గుహ అడుగున ఏడు తలల పాము ఉంటుంది. దాన్ని చంపితే ఎప్పుడో ఒకసారి వెండి కర్ర పడుతుంది. హీలర్ చేతిలో ఉంటే మందు రెండింతలు పనిచేసే కర్ర. పడేది ఒక్కటే, ఎవరికి ఇవ్వాలో గుంపు పెద్ద చేతిలో ఉంటుంది. ఐదు నెలలకు పడింది. గొడ్డలి పట్టి కొట్టే నవీన్‌కు ఆ కర్రతో పనే లేదు. అయినా తన దగ్గర ఉంటే నలుగురూ చూస్తారని అడిగాడు, జాకీర్ ఇచ్చేశాడు. అమ్రీన్ అడిగితే, నువ్వు ఇంటిదానివే గదా, తర్వాతది నీదే అన్నాడట. తర్వాతది రాలేదు. ఆటను కంపెనీ మార్చేసింది. కొత్త ఆటలో ఎవరి మందు వాళ్ల సంచిలోనే ఉంటుంది, ఎవరికి రావలసింది వాళ్లకే పడుతుంది. ఇక హీలర్ ఎందుకు? ఆ మాట కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు చూస్తే మూల కంప్యూటర్ అమ్ముడుపోయి ఉంది. తర్వాత నెట్ సెంటర్ కూడా పోయి జిరాక్స్ దుకాణం అయింది.

పోయిన ఏడాది ఆ కంపెనీయే పాత ఆటను పాతగానే మళ్లీ తెరిచింది. నలభై దాటిన మగవాళ్లు పెళ్లికొడుకుల్లా అయిపోయారు. అందరూ మొదటి నుంచి మొదలుపెట్టాలి, నవీన్ గొప్పగా చూపించుకున్న కర్ర కూడా లేదు. అది విని నాకు కొంచెం తృప్తి కలిగింది, అబద్ధమెందుకు. కానీ పాత ఆటంటే మళ్లీ హీలర్ కావాలి. జాకీర్ వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. పదిహేనేళ్లలో వాడు అక్కడ నిలబడడం నేను చూడలేదు.

అమ్రీన్ రొట్టె తిప్పుతూ, తల ఎత్తకుండా అంది. "కర్ర పడితే నాకియ్యాలె."

"నీకే. అమ్మీ కసమ్."

నా తల మీద ఒట్టు పెట్టాడు గనుక నేనూ ఆట దగ్గర కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం జొహర్ నమాజ్ అయ్యాక దుకాణం షట్టర్ సగం దించి, రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టుకుని ఆడేవారు. నవీన్, జైసింగ్ మాటలు స్పీకర్‌లో వినపడేవి. అమ్రీన్ చేతులు మరిచిపోలేదు. మొదటి ఆదివారం కొంచెం తడబడింది, రెండో ఆదివారం నుంచి తిన్నగా ఉంది. నాకూ తెర మీది ఆకుపచ్చ గీతలు అర్థమయ్యాయి. గీత తరిగితే ప్రాణం పోతున్నట్టు, ఆమె వేలు పడితే మళ్లీ నిండుతుంది.

తొమ్మిదో ఆదివారం పాము చచ్చింది, కర్ర పడింది.

అమ్రీన్ పైట సర్దుకుని కూర్చుంది. ఫొటో దిగేముందు మనుషులు అట్లా కూర్చుంటారు.

స్పీకర్‌లో నవీన్ గొంతు వచ్చింది. "భాయ్, అప్పటిది పోయె. గిదన్న నాకియ్యి. లేకుంటే వేరే గుంపోళ్లు పిలుస్తున్నరు, పోత."

జాకీర్ నా వైపు చూడలేదు. మౌస్‌ను ఒక నొక్కు నొక్కాడు. కర్ర జనగామకు పోయింది. తర్వాత పెళ్లాం వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "బయటోడు అలిగితే పోతడు. నువ్వు ఇంటిదానివే గదా."

ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ మాట నాదే. చుట్టాలు వస్తే ముందు మగవాళ్లకు, తర్వాత వచ్చినవాళ్లకు, చివరికి కూరగిన్నె అడుగున మిగిలిన షోర్వా నీళ్లు అమ్రీన్‌కు. మాంసం బొక్క ఒక్కటీ లేదేమని ఆమె ఒక్కసారీ అడగలేదు, అడగకముందే నువ్వు ఇంటిదానివే గదా అని నేనే అనేదాన్ని. మా అత్త నాకు అన్నదే నేను అన్నాను. పక్కన కూర్చుని తిన్న నా కొడుకు నేర్చుకున్నాడు.

ఆట ఆగలేదు. పాము వెనక తలుపు తెరుచుకుంది, ముగ్గురూ లోపలికి ఉరికారు. అమ్రీన్ రెండు చేతులూ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"హీల్ ఇయ్యి. అమ్రీన్, హీల్ ఇయ్యి, సస్తున్న," అన్నాడు జాకీర్.

"కర్ర నవీన్ భాయ్ దగ్గరుంది గద. ఆయన్ని ఇయ్యమను."

మూడు గీతలు ఒకదాని వెంట ఒకటి ఖాళీ అయ్యాయి. స్పీకర్‌లో వదినా, వదినా అని వినపడింది. ఆమె లేచి, షట్టర్ కింద నుంచి వంగి బయటకు వచ్చి, ఇంట్లోకి పోయి బియ్యం కడిగింది.

నా తల మీద ఒట్టు ఏమైందని వాడిని అడిగాను. అది ఆట కదా అన్నాడు.

"నేను చచ్చిననాడు నీకే తెలుస్తదిరా, నా తల ఆటదా కాదా," అన్నాను. వాడు కంప్యూటర్ ఆపి దుకాణంలోనే కూర్చున్నాడు.

నాలుగు రోజులు మొహం మాడ్చుకుని తిరుగుతాడనుకున్నాను. ఒక ఆదివారం ఆట ఆగింది, అంతే. తర్వాతి వారానికి వేరే హీలర్ దొరికాడు, హన్మకొండ మనిషట. ఈసారి కర్ర పడితే అతనికే ఇస్తారట. కొత్తవాడు కదా, మర్యాద చేయాలి.

బక్రీదుకు కాటారం నుంచి చుట్టాలు వచ్చారు. పొరుగువాళ్లకు, లేనివాళ్లకు వాటాలు పోయాక మా వాటా వండుకున్నాం. అన్నాలకు దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచే ముందే నేను మూలుగ నిండిన నల్లి బొక్క ఒకటి చిన్న గిన్నెలో తీసి అమ్రీన్ ముందు పెట్టాను, కూర్చుని తిను అన్నాను. అట్లా చెప్పడం నాకు సులువు కాదు.

ఆమె గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది.

"వద్దమ్మీ. గిప్పుడు అలవాటు లేదు," అంది. దస్తర్‌ఖాన్ పరిచి, ఆ గిన్నె తీసుకుపోయి చుట్టాల ముందు పెట్టింది.