అప్ప ఏదీ ఖాళీగా తిరిగివ్వలేదు

ఎదురింటి అప్ప పోయింది. గురువారం పొద్దున్న నేను పాలు కాస్తుంటే వాళ్లాయన మా గేటు పట్టుకుని నిలబడి, "మీ అప్ప లేవనేదమ్మా" అన్నాడు. ఆయన్ని నేను బావ అంటాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. స్టవ్ కట్టేసి పరిగెత్తేసరికి వీధి సగం అక్కడే ఉంది. అందరూ ఏడుస్తున్నారు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు ఎందుకో ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే తిన్నది అరిగేలా లేదు.

మాకు చుట్టరికం ఏమీ లేదు. నేను బొబ్బిలికి బదిలీ అయి వచ్చిన రోజు గ్లాసు పట్టుకొచ్చి, "తోడుకి పెరుగుందేటే?" అని అడిగింది, అంతే, నాకు అప్ప అయిపోయింది, ఇక్కడ అక్కని అలాగే అంటారు. ఆవిడ అడగని వస్తువు లేదు. తీసుకెళ్లిన దేన్నీ ఉత్తినే తిరిగిచ్చిందీ లేదు. గిన్నె పట్టుకెళ్తే నాలుగు వంకాయలతో వచ్చేది. గొడుగు తిరిగొస్తే మడతలో కరివేపాకు ఉండేది. ఒకసారి మా నిచ్చెన పై మెట్టుకి ఆనపకాయ కట్టి, మొగుడి చేత మోయించుకొచ్చింది. ఇదేంటప్పా అని నవ్వితే, "ఖాళీగా ఇస్తే నాకు నిద్దర పట్టదే" అనేది.

బావ వీణలు చేస్తాడు. అరుగు మీద పనస చెక్క చెక్కుతుంటే ఆ పొట్టంతా ఇంట్లోకి కొట్టుకొచ్చేది. మంచం కిందకి చీపురు అందడం లేదని అప్ప మా వాక్యూమ్ క్లీనర్ అడిగింది. మొహమాటానికి ఇచ్చాను గానీ, ఇచ్చిన దగ్గర్నుంచీ నా ప్రాణం దాని మీదే ఉంది. తెచ్చి ఇచ్చాక స్విచ్ వేశాను. ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు ఇంకో చోట పెట్టాను. అదే ప్లగ్ పాయింట్లో మిక్సీ పెడితే గిర్రున తిరిగింది. వైరు వంచి చూశాను, తిరగేసి తట్టాను, ఫ్యూజు చూశాను. మూత మాత్రం తీయలేదు. తీస్తే లోపలి సంచిలో పొట్టంతా నా మీద పడుతుందని భయం.

తిన్నగా వాళ్లింటికి వెళ్లాను. "పొట్టంతా దాని కడుపులో కూరేస్తే ఇంకేం ఆడుతుంది అప్పా?" అన్నాను. నా నోరు అలాంటిది. అప్ప తెల్లబోయింది.

"నానిచ్చినపుడు బాగానే ఉన్నాదే. మూత తీసి సూసినావా?"

"అంతా చూశాను. నాకేం నేర్పక్కర్లేదు."

ఆ తరవాత అప్ప తోడుకి రావడం తగ్గించింది. ఎదురుపడితే, "తిన్నావేటే?" అని అడిగి ఆగిపోయేది, ఇంకేదో అడగబోయినట్టు. తప్పు చేసింది కాబట్టి మొహం చెల్లడం లేదనుకున్నాను. చూడండి, ఎంత బాగా అనుకున్నానో.

పోయిన నెల విజయనగరంలో రిపేరు చేసే అతనికి ఫోన్ చేస్తే, సంచి సరిగ్గా కూర్చోకపోతే ఆ మెషిన్ ఆడదు, ముందు మూత తీసి చూడండి అన్నాడు. ముక్కు మూసుకుని తీశాను. లోపల ధూళి రవ్వంత లేదు. సంచిని ఉతికి, ఆరబెట్టి, చీర మడతపెట్టినట్టు మడిచి పెట్టింది. ఆ మడతల మధ్య చిన్న స్టీలు డబ్బా, దాన్నిండా నువ్వుండలు. గిన్నెలో వంకాయలు పెట్టినట్టే పెట్టింది మహాతల్లి. డబ్బా తీసి, సంచి దాని చోట తగిలించి స్విచ్ వేస్తే మెషిన్ ఇల్లదిరేలా ఆడింది.

వెంటనే వెళ్లి కాళ్లు పట్టుకోవాలి కదా. వెళ్లలేదు. ఉండలు పాతబడ్డాయి, పారేయడానికి చేయి రాలేదు. అప్ప డబ్బా ఖాళీగా ఎలా ఇస్తాను, అరిసెలు వండి పట్టుకెళ్దాం అనుకున్నాను. ఒకరోజు బెల్లం లేదు, ఒకరోజు ఆఫీసులో ఆలస్యం, ఒకరోజు తలనొప్పి. నిజానికి ఆవిడ మొహం చూసే ధైర్యం లేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్న మర్యాదనే వంకగా పెట్టుకుని కూర్చున్నాను. ఇంతలో గురువారం వచ్చింది.

"నా ఉండలు తినేసి, పైపెచ్చు నన్నే నిందించింది" అనుకుంటూ అప్ప పోయి ఉంటుంది, అదే నన్ను తినేసింది. దినకార్యం అయ్యాక బావ దగ్గర కూర్చున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు.

"ఒక మాట అడుగుతాను, ఏటీ అనుకోకమ్మా. ఆ నువ్వుండల్లో బెల్లం ఎక్కువైపోనాదా? నువ్వేటీ అన్లేదని మీ అప్ప మాటిమాటికీ అదే అనుకునీది."

నేనన్న మాటలు కాదు, ఆవిడ మనసులో పెట్టుకున్నది ఇదన్నమాట. "లేదు బావా, చాలా బాగున్నాయి" అన్నాను. ఒక్కటీ తినలేదని చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చి డబ్బా మూత తీశాను. ఒక ఉండ నోట్లో వేసుకున్నాను. గట్టిపడిపోయింది, నూనె కంపు కొడుతోంది. నెమ్మదిగా నమిలాను. బెల్లం సరిగ్గానే ఉంది.