వేట చిత్రం ఉన్న గోడ

1962 వేసవిలో నన్ను కరీంనగర్‌కు ఓవర్సీరుగా వేశారు. పని, పట్టణ చిత్రశాలకు కొత్త హాలు కట్టించడం. ఒకప్పుడు ఒక జాగీర్దారు విడిదిగా కట్టించుకున్న డంగుసున్నం భవనం అది. పోలీసు చర్య తర్వాత కచేరీ అయింది, ఆ తర్వాత బొమ్మలకు దక్కింది. తూర్పు గోడకు లోపలి వైపు నిండా నిలువెత్తు వేట చిత్రం ఉండేది. కొత్త హాలు బయటినుంచి ఆ గోడకే ఆనుకోవాలి.

కుటుంబం వరంగల్‌లో ఉండిపోయింది. నా బస చిత్రశాల వెనక గదిలో. ఊళ్లో నన్ను పలకరించే మనిషి లేడు. మధ్యాహ్నం మాత్రం చొప్పదండి నుంచి వచ్చే మేస్త్రీ లచ్చయ్య తన జొన్నరొట్టెలో సగం తుంచి నాకు పెట్టేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ పూట కోసమే ఎదురుచూసేవాణ్ని.

కొత్త గోడను పాత గోడకు పళ్లు వేసి కలపమని ఇంజనీరు గీసిచ్చిన నక్షాలో ఉంది. అంటే పాత రాళ్లు తొలిచి కొత్తవి అందులోకి దిగవేయడం. లచ్చయ్య ఒప్పుకోలేదు.

"పాత గోడ ఎన్నడో కూసున్నది సారూ. కొత్తది నల్లరేగడిల ఇంక కూసోవాలె. రెంటిని కట్టేస్తె కొత్తది దిగుకుంట పాతదాన్ని గుంజుతది. నడుమ వేలెడు సందు ఇడువుండ్రి," అన్నాడు.

నక్షా మార్చే అధికారం ఓవర్సీరుకు లేదు. సందేహాన్ని సైటు పుస్తకంలో రాసి ఇంజనీరుకు పంపవచ్చు. నేను పంపలేదు. మేస్త్రీ చెప్పాడని పై అధికారిని అడగడమా అనే బడాయి! నక్షా ప్రకారమే కట్టించాను.

వానలకు కొత్త గోడ నేలలోకి దిగి పాత గోడను గుంజింది. వేట చిత్రం నడిమికి పగిలింది. విచారణకు వచ్చిన ఇంజనీరు కారణం రాసివ్వమన్నాడు. 'మేస్త్రీ పనితనం లోపం' అని రాసిచ్చాను. లచ్చయ్యకు ఇక సర్కారు పని ఇవ్వకూడదని ఉత్తర్వు వచ్చింది.

ఆ తర్వాత ఒక్కణ్నే కూర్చుని తినేవాణ్ని. సిగ్గేసింది. ఒక ఆదివారం చొప్పదండి వెళ్లి, తప్పు నాదేనని లచ్చయ్యతో చెప్పాను. అతను కోప్పడలేదు.

"మీరు రాసింది కాయితం మీదున్నది సారూ. గిప్పుడు నాకొక్కనికి చెప్తె ఎవలింటరు?" అని లోపలికి పోయాడు.

మర్నాడే ఇంజనీరుకు నిజం రాసి ఉండవచ్చు. రాయలేదు. నౌకరీ పోతుందని భయం. మేస్త్రీ అనుమానం చెప్పిన రోజే, అతని పేరుతో సహా పుస్తకంలో ఎక్కించాలని ఆ తర్వాత నా కింద పనిచేసిన ప్రతి ఓవర్సీరుకూ చెప్పాను. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ని కాదు.