‘ఎవరి వల్ల?’ అనే గడి

మౌలాలిలోని మా ఫ్యాక్టరీలో పంపులకు షాఫ్టులు చేస్తాం. పని మెరుగుపడే సలహాలు రాసి వేయమని వర్కర్ల కోసం మేనేజర్‌గా నేను పెట్టించిన డబ్బా మూడు నెలలుగా ఖాళీ. చీటీ కూడా నేనే తయారు చేశాను: సమస్య ఏమిటి, ఎవరి వల్ల, ఏం చేయాలి. ఇంత సులువు చేసినా రాయడానికి వీళ్ళకు బద్ధకమని రోజూ తిట్టుకునేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఒక సోమవారం పదకొండింటికి మా షాఫ్టులు కొనేవాళ్ళ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఈసారి సరుకులో తేడా వస్తే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే మా లేత్ సెక్షన్ మూతపడుతుంది, పన్నెండు మంది రోడ్డున పడతారు. పదింటికి లేత్ మిషన్ వెనక ఒక గోనె సంచి కాలికి తగిలింది. విప్పితే అన్నీ కొలత తప్పిన షాఫ్టులే.

ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ మిషన్ మీదున్న, నేను ఎప్పుడూ ‘మీరు’ అని పిలిచే పెద్దాయనను అందరి ముందూ ‘నువ్వు’ అంటూ నిలదీశాను. ఆయన తల దించుకోలేదు.

“కోసే టూల్ మొద్దుబారింది సార్. మారుస్తమంటే ఇంకో రెండ్రోజులు నడ్పుమన్నది మీరే. చీటీల ‘ఎవరి వల్ల’ అని గడి పెట్టిన్రు. గండ్ల మీ పేరు రాయాల్నా, నాది రాయాల్నా?”

సంచి దాచడానికి ఇంకా టైముంది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. చివరికి ఒక చీటీ తీసి, ‘టూల్ మార్చనివ్వలేదు, నా వల్ల’ అని రాసి, సంచికి కట్టి, దాన్ని ఆఫీసు గదిలోకి తెమ్మని వాళ్ళకు చెప్పి వెళ్ళాను.

పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి, సంచికున్న చీటీ చదవడం మొదలుపెట్టాడు. నేను రాసింది ఒక్క ముక్క, ఆయన ఇంకా చదువుతూనే ఉన్నాడు. తొంగి చూస్తే నా రాత కింద పెన్సిల్‌తో ఇంకో వాక్యం.

‘సంచిల దాచినం. జెర మా వల్ల సుత.’

దాని కింద పన్నెండు సంతకాలు.

ఆర్డరు ఇప్పుడే తీసేయం, ఇంకో నెల చూద్దామని చెప్పి ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయాడు. నేను పెద్దాయన దగ్గరికి వెళ్ళి, టూల్ ఎప్పుడు మార్చాలో మీరే చెప్పండి అన్నాను.